నిరాశ్రయుల వసతి గృహంలో పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్తే ఏం తీసుకెళ్లాలి?

రాజమండ్రిలో నిరాశ్రయుల వసతి గృహంలో ఉండే పిల్లలకు సాయంత్రాలు చదువు చెబుతాను, మొదటిరోజు ఏం తీసుకెళ్లాలి అని అడిగారు. ఏమీ తీసుకెళ్లకండి. చెప్పిన రోజున, చెప్పిన టైముకి వెళ్లండి చాలు. నేను కొన్నేళ్లుగా అలాంటి చోటికే వెళ్తున్నాను. పుట్టినరోజని కేకు తెచ్చి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటోలు తీసుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫోటో రేపు క్లాసులో పిల్లలు చూస్తే ఆ బిడ్డ మళ్లీ బడి గడప తొక్కుతుందా?

తొమ్మిదేళ్ల పాప ఒకతి ఉండేది. కార్తీకంలో వాళ్లమ్మతో పుష్కర ఘాట్ దగ్గర అరటి దొప్పల్లో దీపాలు అమ్మేది. నోటుబుక్కులో తీసివేత ఇస్తే పెన్సిల్ కొరుకుతూ కూర్చునేది. ఓసారి పుస్తకం మూసేసి, "దొప్ప పదిహేను. ఏడు తీసుకుని రెండొందల నోటిచ్చా, నాకెంత రావాలి?" అన్నాను. "తొంభై ఐదు. చిల్లర లేదు టీచర్, ఇంకోటి తీసుకోండి" అంది, ఊపిరి తీసుకోకుండా. ఆ రోజు నుంచి మా లెక్కలన్నీ దొప్పలతోనే.

ఆ పాపను బడిలో చేర్చబోతే ఆధార్ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు అని తిప్పి పంపారు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ కాదనకూడదు. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడినదంతా విడిగా నేర్పాలి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018లో సుప్రీంకోర్టే చెప్పింది. ఇవన్నీ ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాను. వాళ్లమ్మను లోపలికి రమ్మంటే "నేనెందుకులెండి" అని గేటు దగ్గరే నిలబడిపోయింది. ఆవిడ చేత్తోనే దరఖాస్తు ఇప్పించాను. పాప నాలుగో తరగతిలో చేరింది.

పట్టణాల్లో లక్ష జనాభాకు కనీసం వందమందికి వసతి ఉండాలని నిబంధన. ఆ వసతంటే పడుకునే చోటే. హోంవర్క్ చేసుకునే మూల ఒకటి కావాలని ఎవరికీ తట్టదు. పెద్దవాళ్లు పడుకోగానే లైట్లు ఆర్పేస్తారు, పిల్లల పుస్తకాలూ మూతపడతాయి. మీరు పోట్లాడాల్సింది ఆ లైటు కోసం.

తోడు ఎవరూ లేని బిడ్డ కనిపిస్తే మాత్రం మీరే ఏదో చేద్దామనుకోకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. కార్తీకమాసంలో సాయంత్రాలు వెళ్తే పిల్లలు దొరకరు, ఘాట్ దగ్గర ఉంటారు. ఆ నెల్లాళ్లూ పొద్దున్నే, బడికి ముందు వెళ్లండి.