తొంభై దాటితే మొదలయ్యే గలగల గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళేటప్పుడు పంతంగి టోల్‌గేటు దాటి బండి వేగం అందుకోగానే కారు ముందు భాగంలో ఎక్కడో గలగలమని చప్పుడు మొదలవుతోందనీ, గంటకు 90 కిలోమీటర్ల దగ్గర అది బాగా వినిపిస్తోందనీ, తిరిగి వచ్చి గ్యారేజీలో చూపిస్తే మాత్రం ఏ చప్పుడూ లేదనీ నువ్వు రాసిన సంగతులన్నీ చదివాను. లింకు రాడ్లు (చక్రాల సస్పెన్షన్‌లో ఉండే చిన్న కడ్డీలు), షాక్ అబ్జార్బర్లు మార్చి చూద్దామని మెకానిక్ అన్నాడని కూడా రాశావు. ఆ చప్పుడు ఎప్పుడు వస్తోందో, ఏం చేస్తే ఆగుతోందో తేలేదాకా ఒక్క సామాను కూడా మార్పించవద్దని నా సలహా. రెండు మూడు భాగాలు ఒకేసారి మార్చిన తరువాత చప్పుడు పోయినా, దేనివల్ల పోయిందో నీకూ తెలియదు, అతనికీ తెలియదు. పోకపోతే డబ్బు ఖర్చయి నువ్వు మళ్ళీ మొదటికే వస్తావు.

అయితే ఈ వెతుకులాట మొదలుపెట్టే ముందు చేయవలసిన పని ఒకటుంది. నాలుగు చక్రాల నట్లనూ సరిచూడు. ఈ మధ్య పంక్చరు వేయించినా, టైర్లు మార్పించినా ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే చక్రం ఒకసారి విప్పి బిగించిన తరువాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక నట్ల బిగువు ఇంకొకసారి చూసుకోవాలి, ఆ పని చేసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. ఎంత బలంతో బిగించాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బిగించే బలాన్ని కొలిచే టార్క్ రెంచి ఉన్న టైర్ల షాపులో ఆ లెక్క ప్రకారమే బిగించమని అడుగు. స్పానర్ మీద కాలు పెట్టి తొక్కనివ్వకు, అలా చేస్తే బోల్టు సాగి బలహీనపడుతుంది. అక్కడే ప్రతి టైరు చుట్టూ చేయి పోనిచ్చి, పక్క గోడల మీద ఉబ్బు ఉందేమో, గాళ్ళలో రాయో మేకో ఇరుక్కుందేమో చూడు. చప్పుడుతో పాటు స్టీరింగు వణికినా, బ్రేకు పెడల్ మెత్తబడినా, బండి ఒక పక్కకు లాగినా, కాలిన వాసన వచ్చినా, లేదా రోజురోజుకూ చప్పుడు పెరుగుతున్నా ఇక పరీక్షలేమీ పెట్టుకోవద్దు. బండిని రోడ్డుకు బాగా ఎడంగా ఆపి, జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను చేయి.

ఇవేవీ లేవని తేలిన తరువాతే మిగిలిన సంగతి.

ఆర్టీసీ డిపో గ్యారేజీలో నేను పనిచేసిన కాలంలో డ్యూటీ దిగిన డ్రైవర్లు బండి లోపాలను కాగితం మీద రాసి ఇచ్చేవారు. కొందరు "బండి చప్పుడు చేస్తోంది" అని రాసి వెళ్ళిపోయేవారు, ఆ కాగితంతో మేం ఏమీ చేయలేకపోయేవాళ్ళం. ఇంకొందరు మాత్రం "టాప్ గేరులో 55 దాటాక ఎడమ వైపు వెనక గలగల, యాక్సిలరేటరు వదిలితే ఆగుతుంది" అని రాసేవారు. అటువంటి కాగితం చేతికి వస్తే బండి కిందికి దూరకముందే సగం పని అయిపోయేది. నువ్వు రాసిన ఉత్తరంలో వేగం ఉంది, చోటు కొంత ఉంది. గేరు లేదు, ఇంజిన్ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో ఆ లెక్క, లేదు, గాలి సంగతి లేదు, రోడ్డు సంగతి లేదు. మనకు కావలసినవి ఆ నాలుగే.

వేగంగా పోయే కారులో ఏదైనా అదిరిందంటే దాన్ని అదిరించేవి ముఖ్యంగా మూడు: ఇంజిన్, చక్రం, గాలి. రోడ్డు గతుకులు నాలుగోవి, కానీ అవి ఊళ్ళో కూడా ఉంటాయి కనుక నీ విషయంలో వాటిని చివరికి పెడుతున్నాను. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 100 సార్లు బండిని కుదుపుతుంది, మూడు సిలిండర్లదయితే 75 సార్లు. చిన్న కారు చక్రం చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లనుకుంటే, 90 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. గాలికి ఇటువంటి లయ ఉండదు, కానీ దాని ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 45 దగ్గర ఉన్న ఒత్తిడి 90 దగ్గర నాలుగింతలు అవుతుంది. వదులైన ప్రతి రేకుకూ ప్లాస్టిక్ ముక్కకూ తనదైన ఊపు ఒకటి ఉంటుంది; ఉయ్యాలను దాని లయకు సరిగ్గా తోసినప్పుడే అది ఎత్తుకు ఊగినట్టు, ఆ ముక్కకు తగిన అదురు అందిన వేగంలోనే అది గట్టిగా మోగుతుంది. 80 దగ్గర లేని చప్పుడు 90 దగ్గర పుట్టి 100 దగ్గర తగ్గిపోవడంలో వింత లేదు. గ్యారేజీ సందులో 30 కిలోమీటర్ల వేగంతో నడిపి చూసిన మెకానిక్‌కు అది వినిపించకపోవడంలో కూడా అతని తప్పు లేదు.

కనుక మొదటి పరీక్ష ఇంజిన్‌ను చక్రం నుంచి విడదీయడం. తెల్లవారాక, వాహనాలు తక్కువగా ఉన్న వేళ, తిన్నని రోడ్డు మీద చేయి. టోల్‌గేటు దాటిన వెంటనే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే అక్కడ ఆగి బయలుదేరిన బండి ప్రతి వేగాన్నీ మొదటి నుంచి వరుసగా దాటుకుంటూ వస్తుంది. బండి నువ్వు నడుపు, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టు. వినడం, రాయడం, ఫోనులో రికార్డు చేయడం వాళ్ళ పని. నీ కళ్ళు రోడ్డు మీదే ఉండాలి. స్పీడోమీటరు చూసి 80, 85, 90 అని నువ్వు పైకి చెబుతూ ఉంటే ఆ మాటలు కూడా రికార్డులో పడతాయి, తరువాత మెకానిక్‌కు అదే పెద్ద సాక్ష్యం. ఏసీ, బ్లోవరు, పాటలు అన్నీ ఆపి ఉంచు. అయిదో గేరులో 90 దగ్గర చప్పుడు రాగానే అదే వేగంలో నాలుగో గేరుకు మార్చు. బండి వేగం మారదు, ఇంజిన్ వేగం పెరుగుతుంది. చప్పుడు ఆగినా, దాని తీరు మారినా ఇంజిన్‌నో సైలెన్సర్‌నో అనుమానించాలి. ఏమీ మారకుండా అలాగే ఉంటే చక్రమో గాలో. ఆ తరువాత ఇంకొకసారి 90 దగ్గర యాక్సిలరేటరు వదిలి, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు మాత్రం దొర్లనిచ్చి చూడు. ఇంజిన్‌ను ఆపి పరీక్షించే ఆలోచన మాత్రం ఎన్నడూ చేయకు. ఇంజిన్ ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకుకు బూస్టరు సాయం పోతుంది, తాళం చెవి తీస్తే స్టీరింగు బిగుసుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

నాలుగో గేరులో చప్పుడు మారిందనుకో, మిగిలిన వెతుకులాట ఇంటి ముందే చేసుకోవచ్చు. ఆరుబయట హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఉంచి, ఒకరు ఆర్‌పీఎంను నెమ్మదిగా 2000 నుంచి 3500 వరకు పెంచుతుంటే నువ్వు బయట నిలబడి విను. మూసిన షెడ్డులో ఈ పని చేయవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. ఇటువంటి సందర్భాల్లో ఎక్కువగా దొరికే దొంగ సైలెన్సర్ గొట్టం పైనుండే హీట్ షీల్డు. అది పలుచని రేకు. బోల్టు బిగించిన చోట తుప్పు పట్టి రంధ్రం పెద్దదవుతుంది, బోల్టు బిగువుగానే కనిపిస్తుంది కానీ దాని తల కింద రేకు ఖాళీగా ఆడుతూ ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బండిని గ్యారేజీ లిఫ్టు మీదికి ఎక్కించి, పిడికిలితో గొట్టం పొడవునా మెల్లగా తట్టుకుంటూ పోతే ఆ రేకు దగ్గర నీకు రోడ్డు మీద వినిపించిన చప్పుడే వినిపిస్తుంది. వెడల్పాటి వాషరు వేసి బిగిస్తే చాలావరకు పోతుంది. తుప్పు రేకును బాగా తినేసి ఉంటే స్టీలు క్లాంపుతో చుట్టి పట్టిస్తారు. ఆ రేకును పీకి పారేద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకు, నేలభాగాన్నీ పక్కనున్న పైపులనూ సైలెన్సర్ వేడి నుంచి కాపాడేది అదే. తట్టినప్పుడు, పొగను శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టరు లోపలి నుంచి గులకరాళ్ళు కదిలినట్టు వినిపిస్తే లోపలి సిరామిక్ దిమ్మ పగిలిందని అర్థం. అప్పుడు దాన్ని మార్చక తప్పదు. ఇంకొక మాట: జాకీ ఒక్కటే ఆధారంగా ఎత్తిన బండి కిందికి ఎంత చిన్న పనికైనా దూరవద్దు.

గేరు మార్చినా చప్పుడు చెక్కుచెదరకపోతే గాలి సంగతి చూడు. నువ్వు ముందు భాగం అన్నావు కనుక నా అనుమానం ఎక్కువగా ఇటే ఉంది. ఎదురుగాలి ఉన్న రోజు 80కే మొదలై, గాలి వెనక నుంచి ఉన్న రోజు 95 దాకా రాకపోతే అది గాలి పనే. లారీ వెనక నుంచి పక్క వరుసలోకి రాగానే పెరిగినా అంతే, కానీ దాన్ని పరీక్షించడానికని లారీకి దగ్గరగా పోవద్దు. నా మిత్రుడొకరి కారులో ఇటువంటి గలగలే వచ్చేది, అది కూడా వెళ్ళేటప్పుడే, వచ్చేటప్పుడు కాదు. బానెట్టు ఎత్తి, ముందు అద్దం అడుగున వైపర్లు బయటికి వచ్చే చోట ఉండే నల్లని ప్లాస్టిక్ పట్టీని ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో నొక్కుకుంటూ పోయాను. ఒక చోట అది గోరు మందం కిందికి దిగి, వేలు తీయగానే 'టక్'మని పైకి లేచింది. కింద క్లిప్పు విరిగిపోయి ఉంది. వేగం పెరిగాక గాలి ఆ పట్టీని లేపి అద్దం అంచుకు కొడుతూ ఉండేది, అది లోపల కూర్చున్నవాళ్ళకు ఇంజిన్‌లో ఏదో విరిగినంతగా వినిపించేది. చిన్న క్లిప్పు వేస్తే తీరిపోయింది.

దీనికి పెయింటర్లు వాడే కాగితపు టేపు ఒక చుట్ట చాలు. ఆ నల్ల పట్టీ అంచు, సైడు అద్దాల మొదలు, తలుపు అద్దాల రబ్బరు బీడింగు, బానెట్టుకూ హెడ్‌లైటుకూ మధ్య సందు, వీటిలో ఒక్కో చోట టేపు వేసి, అదే రోడ్డు మీద అదే వేగంలో తిరిగి చూడు. ఒకసారి ఒకే చోట వేయాలి, అన్నిటికీ కలిపి వేస్తే నీకు జవాబు దొరకదు. నీ చూపుకు అడ్డం వచ్చే చోటా, లైట్ల మీదా వేయకు. నంబరు ప్లేటు వెనక చేయి పెట్టి కదిపి చూడు. ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ ట్రేను, చక్రాల పైనుండే లైనర్లను తప్పకుండా చూపించు. వర్షాకాలంలో నీళ్ళలోంచి బండి పోయినా, ఎత్తయిన స్పీడ్ బ్రేకరుకు కింద తగిలినా వాటి క్లిప్పులు ఊడిపోతాయి. గాలి లోపల నిండి ఆ ట్రే పడగలా లేచి కొట్టుకుంటుంది, ఏదో ఒక రోజు ఊడి చక్రం కిందికి పోతుంది. కొత్త క్లిప్పులు దొరికేదాకా ప్లాస్టిక్ టైలతో కట్టించినా ఫరవాలేదు, వదులుగా మాత్రం తిప్పకు.

చక్రం వైపు నుంచి వచ్చేవి సాధారణంగా గలగలమనవు. బ్యాలెన్సింగు తప్పితే స్టీరింగు వణుకుతుంది; బేరింగు పోతే ఊళ లాంటి మోత వస్తుంది, మెల్లని వంపు తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు పడగానే అది పెరగడమో తగ్గడమో జరుగుతుంది. బ్రేకు ప్యాడ్లు మాత్రం మినహాయింపు, వాటిని పట్టి ఉంచే చిన్న స్ప్రింగు క్లిప్పులు పోతే అవి గలగలమంటాయి. చప్పుడు వస్తున్నప్పుడు వెనక ఎవరూ దగ్గరగా లేరని అద్దంలో చూసుకుని, బ్రేకును వేలు మోపినంత తేలికగా తాకు. చప్పుడు టక్కున ఆగి, కాలు తీయగానే మళ్ళీ వస్తే చూడవలసింది అక్కడే, అదీ ఆలస్యం చేయకుండా.

లింకు రాడ్ల విషయంలో నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. అవి అరిగితే ఊళ్ళో గతుకుల మీద, స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు టకటకమంటాయి. నున్నని జాతీయ రహదారి మీద 90 దగ్గర మాత్రమే మోగి, మీ కాలనీ రోడ్డు మీద మౌనంగా ఉండవు. అయినా మెకానిక్‌తో వాదన పెట్టుకోకు. నువ్వు రాసుకున్న కాగితం, రికార్డు అతని ముందు పెట్టి, ఒక అరగంట ఔటర్ రింగ్ రోడ్డు మీదికి తనతో రమ్మని, ఆ సమయానికి డబ్బు ఇస్తానని మర్యాదగా అడుగు. పనివాడి సమయానికి విలువ కట్టేవాళ్ళకు పనివాడు మనసు పెట్టి చేస్తాడు.

ఇవన్నీ చేసే ముందు కారు మొత్తం ఖాళీ చేయాలి. డిక్కీలో జాకీ, వీల్ స్పానర్, స్టెప్నీ బిగించే బోల్టు, తలుపు జేబుల్లో చిల్లర, కళ్ళజోడు పెట్టె, గ్లవ్ బాక్సులోని సామాను, ఎవరూ కూర్చోని సీటు బెల్టు కొక్కెం, అన్నీ తీసేయి లేదా గుడ్డలో చుట్టిపెట్టు. కారు లోపల చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చెవి సులువుగా మోసపోతుంది, వెనక మోగినది ముందు మోగినట్టు వినిపించడం మామూలే.

దొరికి బాగు చేయించాక అదే రోడ్డు మీద, అంతే బరువుతో, అదే వేగంలో ఇంకొకసారి నడిపి చూడు. చప్పుడు పోతే టేపులన్నీ తీసేసి, తీసిన సామాన్లు ఒక్కొక్కటిగా తిరిగి పెట్టుకో. పోకపోతే ఏ గేరులో, ఎంత ఆర్‌పీఎం దగ్గర, ఎదురుగాలిలోనా వెనకగాలిలోనా వస్తోందో రాసి, ఆ రికార్డు నాకు పంపించు. అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే మామయ్య