హేవ్‌లాక్‌లో రెండు వేల రూపాయల బీచ్ రిసార్ట్: రూము సంగతి తర్వాత, ముందు సముద్రం ఏ వేళకు దగ్గరికొస్తుందో అడగండి

మీరు అడిగింది ఇదీ: ఫిబ్రవరిలో భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మగారితో కలిసి అండమాన్ వెళ్తున్నారు, అక్కడి హేవ్‌లాక్ దీవిలో (ఇప్పుడు అధికారికంగా స్వరాజ్ ద్వీప్) రాత్రికి రెండున్నర వేలు దాటకుండా బీచ్ మీదే ఉండే రిసార్ట్ దొరుకుతుందా, దొరికినా పెద్దావిడతో అక్కడ ఉండగలరా, లేకపోతే పోర్ట్‌బ్లెయిర్‌లోనే (ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం) ఉండి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయడం మేలా అని.

దొరుకుతుందండి. ఉండగలరు కూడా. ఒక్కరోజులో వెళ్లి రావడం మాత్రం దయచేసి పెట్టుకోకండి. ఫెర్రీలోనే అటు రెండు గంటలు, ఇటు రెండు గంటలు పోతాయి, జెట్టీ దగ్గర ముందే వెళ్లి నిలబడే సమయం వేరే. చివరికి ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఒక బీచ్ చూసి పరుగున వెనక్కి రావాలి. ఆ దీవిలో బాగుండేవి తెల్లవారుజామూ, సాయంత్రమూ. ఆ రెండూ అక్కడ పడుకున్నవాళ్లకే దొరుకుతాయి.

మేం 2023 జనవరిలో, సంక్రాంతి అయిన వారం తర్వాత వెళ్లాం. రాజమండ్రి నుంచి చెన్నై రైల్లో, అక్కణ్నుంచి విమానం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, అరవై నాలుగేళ్ల మా అమ్మ. హేవ్‌లాక్‌లో నాలుగు రాత్రులు ఉన్నాం. విజయనగర్ బీచ్ మీద, అక్కడ అందరూ అయిదో నంబర్ బీచ్ అనే చోట, వెదురు తడికల గోడలతో కట్టిన కాటేజ్ ఒకటి రాత్రికి 2,000 చొప్పున తీసుకున్నాం. ఏసీ లేదు, అటాచ్డ్ బాత్రూమ్ ఉంది, దోమతెర ఉంది, గుమ్మం దిగితే ఇసక. అదే ఆవరణలో ఏసీ రూములు 3,800. జనవరిలో అక్కడ రాత్రిపూట గాలి బాగుంటుంది కాబట్టి ఏసీ లేని లోటు మాకు ఒక్క రాత్రి తప్ప తెలియలేదు. ఆ ఒక్క రాత్రి సంగతి కింద చెప్తాను.

ముందు మీకు అసలు విషయం చెప్పాలి, ఎందుకంటే మేం బుక్ చేసేటప్పుడు ఇది మాకెవరూ చెప్పలేదు. రిసార్ట్ ఫోటోల్లో కొబ్బరి చెట్ల మొదళ్ల దాకా నీలం నీళ్లు ఉన్నాయి. మేం మొదటి రోజు మధ్యాహ్నం మూడింటికి రూముకు చేరి, పాప స్నానం డ్రెస్ కూడా వేసుకుని పరుగెత్తుకెళ్లి చూస్తే ఎదురుగా సముద్రమే లేదు. కనుచూపు మేర తడి ఇసక, నల్లటి రాళ్లు, చచ్చిన పగడపు ముక్కలు, మధ్య మధ్య గుంటల్లో నిలిచిన నీళ్లు, పక్కకు ఒరిగిపోయిన పడవలు. నీళ్లు ఎక్కడో దూరాన గీతలా ఉన్నాయి. పాప ఏడ్చేసింది. నాకు చాలా కోపం వచ్చింది, డబ్బులు పోయాయనుకున్నాను. మరుసటి రోజు పొద్దున తొమ్మిదింటికి అదే గుమ్మంలోంచి చూస్తే అచ్చం ఆ ఫోటోలాగే ఉంది. చెట్ల వేళ్లను నీళ్లు తడుపుతున్నాయి.

ఆటుపోట్లు అనే మాట మనం రోజూ వాడతాం గానీ కాకినాడలోనో సూర్యలంకలోనో అది మనకు అంతగా కనపడదు. హేవ్‌లాక్ తూర్పు ఒడ్డు లోతు తక్కువ, అడుగంతా చదునైన పగడపు మేట. నీటి మట్టం రెండు మీటర్లు తగ్గిందంటే సముద్రం వందల మీటర్లు వెనక్కి పోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఈ తేడా ఎక్కువ. మేం వెళ్లింది సరిగ్గా అమావాస్య రోజుల్లో, 21న అమావాస్య. ఆ రోజుల్లో అక్కడ నీళ్లు నిండుగా ఉండేది పొద్దున తొమ్మిది, పది మధ్య. బాగా వెనక్కి పోయేది మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య. రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఈ వేళలు ఆలస్యమవుతూ పోతాయి. చవకగా దొరికే రిసార్టులు ఎక్కువగా ఈ తూర్పు ఒడ్డునే ఉన్నాయి, గోవింద్‌నగర్ అనే మూడో నంబర్ బీచ్, విజయనగర్ అనే అయిదో నంబర్ బీచ్. పేరున్న రాధానగర్ బీచ్ పడమటి ఒడ్డున ఉంది, అక్కడ ఇసక మెత్తగా ఉంటుంది, నీళ్లు వెనక్కి పోయినా రాళ్లు బయటపడవు. కానీ ఆ పక్కన మన బడ్జెట్‌కు అందేవి చాలా తక్కువ.

కాబట్టి మీరు ఫోన్ చేసినప్పుడు ఏసీ గురించి అడిగే ముందు, ఫలానా తేదీల్లో మీ బీచ్ దగ్గర నీళ్లు ఏ వేళకు నిండుగా ఉంటాయి, అప్పుడు పిల్లలు దిగగలరా, కింద రాళ్లున్నాయా అని అడగండి. రిసెప్షన్ కుర్రాడు తడబడితే కిచెన్లోనో పడవల దగ్గరో పనిచేసే వాళ్లెవరికైనా ఫోన్ ఇవ్వమనండి, వాళ్లకు నోటికి వచ్చేసి ఉంటుంది. ఇది తెలిసిన దగ్గర్నుంచి మా రోజులన్నీ దాన్ని బట్టే నడిచాయి. పొద్దున నీళ్లు నిండుగా ఉన్నప్పుడు రూము ముందే పాప ఈత, మధ్యాహ్నం నీళ్లు పోయాక ఆ గుంటల్లో పీతల్నీ నక్షత్ర చేపల్నీ చూడటం (చెప్పులు లేకుండా వద్దు, పగడం కోస్తే త్వరగా మానదు), నాలుగయ్యేసరికి రాధానగర్. నీళ్లు లేని సముద్రాన్ని చూసి ఏడ్చిన పిల్ల మూడో రోజుకు ఆ గుంటల దగ్గర్నుంచి రమ్మంటే రాలేదు.

ఇంక ఆ ఒక్క రాత్రి. జనరేటర్ 24 గంటలూ ఉంటుందని బుకింగ్‌లో రాశారు. దీవిలో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్లతోనే వస్తుంది, అది పోవడం మామూలే, అందుకే మేం వాట్సాప్‌లో ప్రత్యేకంగా అడిగి జవాబు రాయించుకున్నాం కూడా. రెండో రాత్రి పదకొండున్నరకు కరెంటు పోయింది. రిసార్ట్ జనరేటర్ పదకొండింటికే కట్టేస్తారట. ఫ్యాన్ లేదు, దోమతెరలో ఉక్క, అమ్మకు ఆయాసం మొదలైంది. నేను టార్చి పట్టుకుని వెళ్లి తలుపు కొడితే పడుకున్నవాడు లేచి, డీజిల్ అయిపోయింది సార్ అన్నాడు. తెల్లవారి మూడింటి దాకా అమ్మను బయట ఇసకలో కుర్చీలో కూర్చోబెట్టి విసురుతూ ఉన్నాం. పొద్దున గట్టిగా అడిగితే ఒక రాత్రి డబ్బు తగ్గించారు. అయినా ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ అమ్మగారికి ఆయాసం, బీపీ లాంటివి ఉంటే, చార్జింగ్‌తో నడిచే చిన్న ఫ్యాన్ ఒకటి ఇక్కడే కొనుక్కుని వెళ్లండి. జనరేటర్ రాత్రంతా నడుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు నోటిమాటగా కాకుండా వాట్సాప్‌లో రాయించుకోండి. ఆ మెసేజ్ ఉండబట్టే మాకు డబ్బు తగ్గింది.

పెద్దావిడ కోసం ఇంకొన్ని. కొన్ని చవక హట్లు కర్రల మీద ఎత్తుగా కట్టినవి, నిచ్చెనలాంటి మెట్లుంటాయి, ఫోటో పంపమని అడగండి. బాత్రూమ్ వెస్టర్నా కాదా అడగండి. వేడినీళ్లు మాకు బకెట్‌తో తెచ్చిచ్చారు, స్నానం నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నాయి. తాగేందుకు పెద్ద క్యాన్ కొనుక్కున్నాం. సాయంత్రం ఒడ్డున కూర్చుంటే కంటికి కనపడని ఇసుక ఈగలు కుడతాయి, దద్దుర్లు వారం రోజులు దురద పెడతాయి. కొబ్బరినూనె పట్టించుకుని కూర్చుంటే మాకు కొంత నయమనిపించింది.

తిండి గురించి మీకు ఎవరూ చెప్పరు గానీ మనవాళ్లకు ఇది ముఖ్యం. హేవ్‌లాక్‌లో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వాళ్లు. జెట్టీ దాటాక బజారులో చిన్న హోటళ్లలో అన్నం, పప్పు, చేపల కూర చవకగా, వేడివేడిగా పెడతారు, రిసార్ట్ రెస్టారెంట్లో పెట్టే డబ్బులో సగం కూడా అవదు. కాకపోతే అంతా ఆవనూనె. మా ఆవిడకూ నాకూ ఒక పూటలో అలవాటైంది, అమ్మకు ఆ వాసన పడలేదు. ఆవకాయ, కందిపొడి, చిన్న నెయ్యి సీసా పట్టుకెళ్లాం కాబట్టి సరిపోయింది. హోటలావిడ నూనె లేకుండా ఉడికించిన బంగాళదుంప, వేడి అన్నం విడిగా పెట్టింది, మేం అడగకపోయినా రెండోరోజు నుంచి అమ్మ కోసం తీసి ఉంచేది.

అక్కడ మన భాష వినపడుతుందా అంటే పోర్ట్‌బ్లెయిర్‌లో బాగా వినపడుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి తరాలుగా ఉంటున్న మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. నీళ్లలో పగడాలు చూడ్డానికి మేం ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్లిన పడవ మీద పనిచేసే అబ్బాయి కూడా వాళ్లలోనివాడే. మా మాటలు విని, పోటు మీదుండగానే చూసేయండి సార్, తర్వాత నీళ్లు మసకేస్తాయి అన్నాడు. మా అమ్మ ఫోన్లో ఇంటికి చెప్పిన మొదటి విషయం అదే, పడవ మీద మనవాడున్నాడని.

రాధానగర్ గురించి కొంచెం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది దీన్నే, 2020లో శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది, అందువల్ల టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు శుభ్రంగా ఉన్నాయి. పెద్దవాళ్లకు కూర్చునే చోట్లున్నాయి. జెట్టీ దగ్గర్నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు, బస్సు ఉంది, మేం అమ్మ ఉండటంతో ఆటో మాట్లాడుకున్నాం, అక్కడ ఆగి తీసుకొచ్చేందుకు వెయ్యి తీసుకున్నాడు. ఈ కాలంలో సూర్యుడు అయిదున్నర ప్రాంతంలోనే మునిగిపోతాడు, మన ఊరి లెక్కలో ఆరింటికి వెళ్తే చీకటే. ఒక జాగ్రత్త: 2010లో ఈ బీచ్‌ను ఆనుకునే ఉప్పునీటి మొసలి ఒక అమెరికన్ యువతిని చంపింది. ఈతకు వల కట్టిన భాగం ఉంది, పిల్లల్ని అది దాటనివ్వకండి. లైఫ్‌గార్డ్ విజిల్ వేస్తే వెంటనే బయటికి రండి. మడ అడవి వైపు, వాగు సముద్రంలో కలిసే చోటుకు అసలు వెళ్లకండి.

అమావాస్య వల్ల మాకు కలిసొచ్చింది కూడా ఒకటుంది. మూడో రాత్రి ఎనిమిదింటికి ఒడ్డున దీపాలు లేని చోట పాప నీళ్లలో చెయ్యి ఆడిస్తే నీలం రంగు మెరుపులు. నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు కదిలిస్తే అలా వెలుగుతాయట. వెన్నెల ఉంటే కనపడదు. అమ్మ మోకాళ్ల నొప్పులతో కూడా వంగి, చీర తడుస్తున్నా పట్టించుకోకుండా చాలాసేపు నీళ్లు చిలుకుతూ ఉండిపోయింది. ఆ గుమ్మం ముందు ఉండబట్టే అది కుదిరింది, పోర్ట్‌బ్లెయిర్ హోటల్లో ఉండి ఉంటే ఉండేది కాదు.

ఖర్చు ఎక్కడ తగ్గించకూడదంటే ఫెర్రీ దగ్గర. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక, కానీ సీజన్‌లో టికెట్ దొరకడం కష్టం. ప్రైవేటు ఫెర్రీకి మాకు మనిషికి 1,400 దాకా అయింది, ముందే తీసుకోండి. అందరి ఆధార్ కార్డులూ, పిల్లలవి కూడా, చేతిలో ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో విమానం ఉన్న రోజే హేవ్‌లాక్ నుంచి బయల్దేరొద్దు. మాకు గాలి ఎక్కువై పొద్దుటి ఫెర్రీ రద్దయింది, సాయంత్రం దానిలో వచ్చాం, విమానం మర్నాడు కాబట్టి బతికిపోయాం. చివరి రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో పెట్టుకుంటే సెల్యులార్ జైలు కూడా చూడొచ్చు. స్కూబా డైవింగ్ చేసే ఆలోచన ఉంటే, లోతుకు దిగొచ్చిన వెంటనే విమానం ఎక్కడం ఒంటికి మంచిది కాదు కాబట్టి, అది కూడా విమానానికి ముందు రోజు కాకుండా మొదట్లోనే కానిచ్చేయండి.

ఏటీఎంలు తక్కువ, కొన్నిసార్లు డబ్బుండదు, నగదు తీసుకెళ్లండి. పిల్లలు ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో వేసుకోనివ్వకండి, ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో పట్టుకుంటారు, పగడం తేవడం చట్ట ప్రకారం నేరం. మా పాప గుప్పెడు ముక్కలు ఒడ్డునే వదిలేసి వచ్చింది.

మీ తేదీలు ఇక్కడ రాయండి. ఆ రోజుల్లో పోటు ఏ వేళకు వస్తుందో చూసి, తూర్పు ఒడ్డున దిగడానికి మీకు ఏ పూట కుదురుతుందో చెప్తాను.