పెట్రోల్ బాంబు గాయానికి ఏ కోడ్ వేయాలి?

ప్రశ్న: నేను అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ చార్టులకు మెడికల్ కోడింగ్ (రోగి వివరాలను ప్రామాణిక కోడ్లుగా మార్చే పని) చేస్తున్నాను. ప్రార్థనా మందిరం మీద విసిరిన పెట్రోల్ బాంబు వల్ల కుడి తొడ, కుడి చేయి కాలిన ఒక వ్యక్తి చార్టులో డాక్టరు 'ఉగ్రదాడి అని అనుమానం' అని రాశారు. నేను ఉగ్రవాదుల మంటల్లో గాయపడ్డారని చెప్పే వై38.3ఎక్స్2ఏ వేస్తే ఆడిట్‌లో తప్పు పట్టారు. ఇంత ఘోరాన్ని ఉగ్రవాదం అనకూడదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే అయినా, ఆడిటర్ చెప్పినదే సరైనది. ఘటనను ఉగ్రవాద చర్యగా ఎఫ్‌బీఐ గుర్తించినప్పుడే ఉగ్రవాదానికి చెందిన వై38 వర్గం వాడాలనీ, అనుమానం మాత్రమే ఉంటే దాడి కిందనే చూపాలనీ అమెరికాలో జబ్బులకూ గాయాలకూ వాడే కోడ్ల పద్ధతి అయిన ఐసీడీ-10-సీఎం మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. కాబట్టి ఇక్కడ పెట్రోల్ బాంబుతో చేసిన దాడికి చెందిన ఎక్స్96.1 వేయాలి.  ఉగ్రవాదమో కాదో తేల్చే భారం డాక్టరు మీద గానీ కోడర్ మీద గానీ పెట్టకపోవడం మంచి నియమమని నా అభిప్రాయం. ఎఫ్‌బీఐ గుర్తించిన కేసైతే మీరు వేసిన కోడే సరిపోతుంది. అందులోని 2 అంకె గాయపడినది సామాన్య పౌరుడని చెబుతుంది. మంటలార్పడానికి వెళ్లిన ఫైర్‌మన్ కాలితే అక్కడ 1 వస్తుంది.

అయితే ఈ చార్టులో ఇంతకంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు వేరే ఉంది. బాహ్య కారణాన్ని చెప్పే కోడ్ ఎన్నడూ ప్రిన్సిపల్ డయాగ్నోసిస్ (మొదట రాసే ప్రధాన కోడ్) కాదు. ముందు కాలిన గాయం, అందులోనూ అత్యంత లోతైనది రావాలి. తొడ మీద మూడో డిగ్రీ, చేతి వెనుక భాగంలో రెండో డిగ్రీ ఉంటే టి24.311ఏ మొదట, టి23.261ఏ తర్వాత వేసి, శరీరంలో ఎంత శాతం కాలిందో చెప్పే టి31ని చేర్చాలి. మొత్తం 20 శాతం కాలి, అందులో 10 శాతం మూడో డిగ్రీ అయితే అది టి31.21 అవుతుంది.

ఆ శాతాన్ని బట్టే రోగికి ద్రవాలు ఎక్కిస్తారు. పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం 60 కిలోల మనిషికి 20 శాతం కాలితే 4 × 60 × 20, అంటే 4,800 మిల్లీలీటర్లు అవసరమని అంచనా వేసి, సగం మొదటి 8 గంటల్లో ఇస్తారు. ఆ 8 గంటలు ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాక, కాలిన క్షణం నుంచి లెక్కలోకి వస్తాయి. ఆ తర్వాత మూత్రం ఎంత వస్తున్నదో చూసి ద్రవాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తారు.

నర్సు నోట్సు కూడా తప్పక చదవండి. ముక్కు రంధ్రాల్లో మసి, కమిలిన వెంట్రుకలు, బొంగురుపోయిన గొంతు అని కనిపిస్తే, వేడి పొగ లోపలికి వెళ్లిందనీ, వాచి శ్వాసమార్గం మూసుకుపోకముందే గొట్టం వేయవలసి రావచ్చనీ అనుమానించాలి. కానీ ఆ మాటలను ఆధారం చేసుకుని శ్వాసమార్గం కాలిందని చెప్పే టి27ను మీరే వేయకూడదు. డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపి, ఆయన నిర్ధారించాకే వేయాలి.

ప్రశ్న: 2001లో పెంటగాన్ మీద జరిగిన దాడిలో విమాన ఇంధనం మంటలకు కాలినవారి వంటి కేసు ఇవాళ వస్తే, అదీ వై38.3 అవుతుందా?
– మరొక పాఠకుడు

జవాబు: కాదు. విమానాన్నే ఆయుధంగా వాడిన ఘటనలు వై38.1 కిందికి వస్తాయి. బాంబు పేలుడులో కాలితే వై38.2 చూడాలి. ఒకటి కంటే ఎక్కువ పద్ధతుల్లో గాయపడితే వై38 కోడ్లను ఒకటికి మించి వేయవచ్చు. అసలు ఉగ్రవాదానికి ఇంత వివరమైన కోడ్లు ఏర్పడినదే 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత. ఏళ్లు గడిచాక కాలిన మచ్చ బిగుసుకుని వేళ్లు ముడుచుకుపోయాయని ఆ మనిషి వస్తే, ఆ మచ్చ సమస్యను ముందు రాసి, గాయం కోడుకూ కారణం కోడుకూ చివర ఏ బదులు, పాత గాయం మిగిల్చిన సమస్య అని చెప్పే ఎస్ పెట్టాలి. ఘటన స్థలాన్ని చెప్పే వై92ను మాత్రం మొదటి చికిత్సప్పుడు ఒక్కసారే వేస్తారు. అప్పటి చార్టులో అది లేకపోయినా ఇప్పుడు చేర్చకండి.