కాలిబాట మీద పొరుగువారి కారు

ప్రశ్న: కడపలో మా పక్కింటివారు కాలిబాట మీదే కారు నిలుపుతున్నారు. కాలువపై పరిచిన బండ ఒకటి ఇప్పటికే పగిలింది. చేతికర్రతో నడిచే మా అమ్మ రోజూ రోడ్డు మీదికి దిగి ఆటోల పక్కగా నడవవలసి వస్తోంది. అడిగితే, ‘మా ఇంటి ముందు స్థలం మాదే కదా’ అంటున్నారు. మేమేం చేయాలి?

జవాబు: ఇంటి ముందున్నంత మాత్రాన కాలిబాట ఆ ఇంటివారి సొంతం కాదు; అది నడిచేవారందరిదీ. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు కాలిబాటపై వాహనం నిలపడాన్ని నిషేధిస్తున్నాయి. ప్రజలు నడిచే దారికి అడ్డంకి కలిగించినవారికి భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయినా గోడకు గోడ ఆనుకుని ఏళ్ల తరబడి బతకవలసినవారు గనుక, ముందుగా మీ అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లి, ఆమె ఏ చోట రోడ్డు మీదికి దిగవలసి వస్తోందో వారికి చూపించండి. తమ కారు వల్ల ఎదుటివారు పడే కష్టాన్ని చాలామంది నిజంగానే గమనించరు. అప్పటికీ వినకపోతే, తేదీలతో సహా ఫొటోలు తీసి, ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్లు రసీదు తీసుకోండి. కోపంతో టైర్లలో గాలి తీయించకండి, కేసు మీ మీదికే వస్తుంది. పగిలిన బండ గురించి మాత్రం ఈ తగవు తేలేదాకా ఆగకుండా, అమ్మగారి కాలు ఆ సందులో పడకముందే, నగరపాలక సంస్థకు ఈరోజే వేరుగా రాయండి.