మీ నాన్నగారి బడి గురించి రాసే ముందు

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

సంవత్సరీకం నాటికి మీ నాన్నగారి జీవితాన్ని చిన్న పుస్తకంగా తేవాలనుకొని నీవు పంపిన పేజీలను రెండుసార్లు చదివాను. "అంకితభావం", "నిస్వార్థ సేవ" అన్న మాటలు మొదటి పుటలోనే ఏడుచోట్ల ఉన్నాయి. అవి అబద్ధాలు కావు గానీ, పదవీ విరమణ సభలో శాలువా కప్పించుకున్న ప్రతివారికీ చెల్లే మాటలు. వాటిని కొట్టేసి, ఆయన పొద్దున్నే బడి తాళం తీసిన దగ్గర మొదలుపెట్టు.

ముందుగా దేవరకొండ వైపు మేమిద్దరం కలిసి పనిచేసిన తండా బడికి వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో పాత ప్రవేశాల రిజిస్టరు చూడు. ఆయన గుండ్రని దస్తూరీని ఇట్టే గుర్తుపడతావు. పుట్టిన తేదీల గడిలో ఎక్కువమందికి జూన్ నెలే కనిపిస్తుంది. "ఉగాది ముంగట పుట్టిండు సారూ" అనడం తప్ప తల్లులకు తేదీలు తెలియని ఆ రోజుల్లో, బడిలో చేర్చుకునే పంతులే పుట్టినరోజు కూడా పెట్టేవాడు. ఆయన పెట్టిన తేదీలే ఇవాళ వాళ్ల ఆధార్ కార్డుల మీద ఉన్నాయి.

దసరా దాటగానే మేస్త్రీల వెంట హైదరాబాదుకో, బొంబాయికో పోయిన కుటుంబాల పిల్లల పేర్లను ఆయన హాజరు పట్టీలోంచి కొట్టేసేవాడు కాదు. నిబంధన గుర్తుచేసి నేను గట్టిగానే మందలిస్తే, "వానలకు తిరిగొచ్చిన పిల్లగాడు తన పేరు లేదని వింటే మళ్లీ గడప తొక్కడు" అన్నాడు. ఆనాడు నాకది మొండితనంగానే తోచింది.

ఆ పిల్లలను వెతికి మాట్లాడు. ఉద్యోగాలు చేస్తున్నవారి దగ్గరికి ఎలాగూ వెళ్తావు. అయిదో తరగతితో ఆగిపోయి మేకలు కాస్తున్నవారి దగ్గరికీ, ఆటో నడుపుతున్నవారి దగ్గరికీ తప్పకుండా వెళ్లు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగు వాచకం పరాయిగా ఉండేది. ఆయన కుండలోంచి గ్లాసుతో నీళ్లు తీసి, ముందు వాళ్ల నోట "పాణి" అనిపించి, ఆ తరువాతే పలక మీద "నీళ్లు" అని దిద్దించేవాడు. చింతగింజలను పదేసి చొప్పున గుడ్డపేలికల్లో మూటగట్టి కూడికలు చెప్పేవాడు. ఇటువంటివి వాళ్లే చెప్పగలరు.

తొలి ఏళ్లలో ఆయన చేతిలో చింత బరిగె ఉండేదన్న సంగతి దాచకు. దెబ్బ తిన్న పిల్లవాడు ఒకడు బడి మానేస్తే, మూడు రోజులు వరుసగా వాళ్ల గుడిసెకు నడిచి వెళ్లి వాడిని వెంటబెట్టుకొని వచ్చాడు. బరిగె పొయ్యిలో పడింది ఆ తరువాతే.

ఊళ్ల పేర్ల విషయంలో జాగ్రత్త. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి తాలూకాలు, సమితులే తప్ప మండలాలు లేవు. అవి 1985లో వచ్చాయి. వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరులో జిల్లాలయ్యాయి కనుక అక్కడి తొలి పోస్టింగును మహబూబ్‌నగర్ జిల్లా అనే రాయాలి.

వచ్చే నెల నల్లగొండకు వచ్చినప్పుడు మా ఇంటికి రా. ఆయన నాకు రాసిన కార్డులు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. నా చూపు మందగించింది కనుక నీవే చదివి వినిపించాలి.

మీ పెదనాన్న వంటి వాడు