తాతకు వచ్చిన న్యుమోనియా మా బాబుకు అంటుకుంటుందా?

ప్రశ్న: మాది అనంతపురం. మా మామయ్యకు 64 ఏళ్లు. షుగర్ ఉంది, బీడీలు తాగుతారు. పోయిన నెల పెళ్లికని బెంగళూరు వెళ్లి ఒక పెద్ద హోటల్‌లో దిగారు. వచ్చిన వారానికి జ్వరం, పొడి దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. మొదట వాడిన మందులకు తగ్గలేదు. ఆస్పత్రిలో చేర్పిస్తే ‘లెజియనేర్స్’ అనే న్యుమోనియా అన్నారు. ఇప్పుడు ఇంటికి వచ్చేశారు. అత్తయ్య ఆయన కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. మా నాలుగేళ్ల బాబేమో తాతను వదలడు. వాడికి అంటుకుంటుందా? మా ఇంట్లో కూలర్, మిద్దె మీద ట్యాంకు ఉన్నాయి, వాటితోనూ ప్రమాదమేనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: బాబును తాత దగ్గర ఆడుకోనివ్వండమ్మా. ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటుకోదు. దగ్గినా, ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా రాదు. అలా వచ్చి ఉండొచ్చని వైద్యులు అనుమానించిన కేసు ప్రపంచం మొత్తం మీద ఒక్కటే, అదీ 2014లో పోర్చుగల్‌లో. టీబీని, కరోనాను చూసినవాళ్లం కాబట్టి ఊపిరితిత్తుల జబ్బు అనగానే కంచం వేరు చేస్తాం. అత్తయ్యను తప్పుపట్టలేం.

ఇది నీటి తుంపర ద్వారా వచ్చే జబ్బు. లెజియనెల్లా అనే బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల వేడి ఉన్న నిల్వ నీటిలో పెరుగుతుంది. ఆ నీరు కంటికి కనపడనంత సన్నటి తుంపరగా గాలిలో కలిసి, మనం పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. తాగితే మామూలుగా రాదు. పక్షవాతం వచ్చినవాళ్లకు పొలమారి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం రావచ్చు.

ఒకేసారి ఎక్కువ మందికి వచ్చిందంటే ముందుగా అనుమానించేది కూలింగ్ టవర్లనే. పెద్ద హోటళ్లు, మాల్స్, ఆస్పత్రుల్లో సెంట్రల్ ఏసీ కోసం మేడ మీద పెడతారు. అందులో గోరువెచ్చటి నీళ్లు పైనుంచి జల్లుగా పడుతుంటే ఫ్యాన్ ఆ తుంపరను బయటికి చిమ్ముతుంది. నీటిలో క్లోరిన్ లాంటి మందు సరిగ్గా కలపకపోతే, అడుగున పాచి కడగకపోతే ఆ గాలి పోయినంత దూరం జబ్బు పోతుంది. 2015లో న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో 138 మందికి ఇలాగే సోకింది, 16 మంది చనిపోయారు. మూలం ఒక హోటల్ మీది టవర్. ఆ హోటల్ గడప తొక్కనివాళ్లూ జబ్బుపడ్డారు. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సంఘం ‘అమెరికన్ లీజియన్’ సభకు వచ్చినవాళ్లలో మొదటిసారి బయటపడింది కాబట్టి జబ్బుకు ఆ పేరు.

మామయ్యకు ఆ హోటల్‌లోనే సోకిందా అన్నది అక్కడి నీటిని పరీక్షిస్తే గానీ తేలదు. తుంపర పీల్చాక లక్షణాలు సాధారణంగా 2 నుంచి 10 రోజుల్లో కనిపిస్తాయి కాబట్టి అనుమానానికి చోటుంది. జబ్బు సంగతి ఆ హోటల్‌వాళ్లకు, అక్కడి కార్పొరేషన్ ఆరోగ్య విభాగానికి తెలియజేయండి. మొహమాటపడొద్దు, ఆ గదుల్లో రేపు ఇంకొకరు దిగుతారు.

ఇక మీ ఇల్లు. స్ప్లిట్ ఏసీలో నీళ్లు నిల్వ ఉండవు, దానితో ఈ భయం లేదు. కూలర్ వల్ల ఈ జబ్బు రావడం చాలా అరుదు. నిజానికి మీ కూలర్ విషయంలో నాకు లెజియనెల్లా కన్నా డెంగ్యూ దోమ భయమే ఎక్కువ. రెండిటికీ మందు ఒకటే: వారానికోసారి నీళ్లు పూర్తిగా పారబోసి, అడుగున జారే పచ్చటి పాచిని బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టండి. గడ్డి మ్యాట్లు ఏటా మార్చండి.

మన ఎండలకు మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికే చెయ్యి పెట్టలేనట్టు కాగుతాయి. మూత బిగించి, వీలైతే పైన నీడ వేయండి. ఆరు నెలలకోసారి ఖాళీ చేసి, బ్లీచింగ్ నీళ్లతో కడిగించండి. అదే రోజు యాసిడ్ మాత్రం వాడనివ్వొద్దు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. బోరు నీళ్లకు షవర్ చిల్లుల్లో తెల్లటి ఉప్పు పేరుకుంటుంది కదా, బ్యాక్టీరియా దాక్కునేది అందులోనే. షవర్ విప్పి వెనిగర్‌లో నానబెట్టి రుద్దండి. మామయ్య కొన్నాళ్లు బకెట్, మగ్గుతోనే స్నానం చేస్తే మేలు, తుంపర తక్కువ. గీజర్‌ను 60 డిగ్రీల మీద పెట్టి చన్నీళ్లు కలుపుకోండి, బాబు చెయ్యి కాలకుండా చూసుకోండి. ఊరికి వెళ్లొచ్చాక కొళాయిలన్నీ కొన్ని నిమిషాలు వదిలి, గది బయట ఉండండి. నెబ్యులైజర్ వాడుతుంటే అందులో కొళాయి నీళ్లు పోయొద్దు.

మొదటి మందులు ఎందుకు పనిచేయలేదో ఊహించగలను. ఈ బ్యాక్టీరియా మన కణాల లోపలే దాక్కుంటుంది. అమాక్సిసిలిన్ లాంటివి దాన్ని చంపలేవు, అజిత్రోమైసిన్, లెవోఫ్లోక్సాసిన్ లాంటివి కావాలి. వాటిని దుకాణంలో అడిగి కొనుక్కోవడం కాదు నేను చెప్పేది. న్యుమోనియాతో ఆస్పత్రికి వెళ్తే గత రెండు వారాల్లో ఏ ఊళ్లో, ఎక్కడ బస చేశారో డాక్టర్ అడగకపోయినా చెప్పండి. దాన్నిబట్టి ఈ బ్యాక్టీరియా జాడ పట్టే మూత్ర పరీక్ష చేయిస్తారు.

50 దాటినవాళ్లకు, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. మామయ్యకు ఇందులో మూడు ఉన్నాయి, మార్చగలిగింది బీడీ ఒక్కటే. నీరసం నెలల తరబడి ఉండొచ్చు, కంగారుపడకండి. ఆరు వారాలకు ఎక్స్‌రే మళ్లీ తీయించండి. ఈలోపు జ్వరం తిరగబెట్టినా, ఆయాసం పెరిగినా, పొంతన లేకుండా మాట్లాడినా డిశ్చార్జ్ కాగితం తీసుకుని అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.