ఎక్స్‌పోలో మన పెవిలియన్‌ని మదింపు చేసే ముందు

అంబాజీపేట

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

జపాన్‌లో ఒసాకా ఎక్స్‌పోలో, అంటే దేశాలు తమ తమ మండపాలు (పెవిలియన్లు) పెట్టే ప్రపంచ ప్రదర్శనలో, మన దేశం పాల్గొన్న తీరుని మదింపు చేసే పని మీ బృందానికి వచ్చిందని నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. ముప్పై ఏళ్లు ఆడిట్‌లో పనిచేసినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నాను.

మొట్టమొదట మంజూరు ఫైలు అడుగు. ఎందుకు వెళ్తున్నామని అందులో రాసుకున్నారా? పెట్టుబడులకా, పర్యాటకులకా, స్నేహానికా? రాసుకోకపోతే అదే నీ మొదటి పరిశీలన. జరిగినదాన్ని చూసి, ఇదే మన లక్ష్యం అని వెనక్కి వెళ్లి రాసే అలవాటు చాలామందికి ఉంది. నువ్వు మాత్రం ఒప్పుకోకు.

తర్వాత జనం లెక్క. దుబాయ్ ఎక్స్‌పో 2021 అక్టోబర్ 1 నుంచి 2022 మార్చి 31 దాకా జరిగింది. మొత్తం 2.4 కోట్ల పైచిలుకు సందర్శనలు, మన పెవిలియన్‌కి 17 లక్షల పైన. అవి సందర్శనలు, మనుషులు కాదు. ఒకడు పదిసార్లు వెళితే పది. పైగా దుబాయ్‌లో మనవాళ్లు లక్షల్లో ఉన్నారు. మన కోనసీమ నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడపడుచులు సెలవు దొరికిన రోజున మన జెండా చూడ్డానికి అక్కడికి వెళ్లి ఉంటే, ఆ సంతోషం ఎంతో విలువైనది, దాన్ని తప్పకుండా రాయి. కానీ లక్ష్యం విదేశీ పెట్టుబడి అయితే ఆ సంఖ్యని ఆ ఖాతాలో వెయ్యకు. ఎవరు వచ్చారో విడదీస్తేనే అంకెకి అర్థం. ఒసాకాలో మనవాళ్లు తక్కువ, వచ్చినవాళ్లలో ఎక్కువమంది జపాన్‌వాళ్లే. కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టి, ఇది ఎక్కువ అది తక్కువ అనడం సరికాదు.

ఒసాకాలో 2025 ఏప్రిల్ 13న తొలిరోజు తలుపులు తెరవలేకపోయిన దేశాల్లో మనదీ ఒకటి. ఇక్కడ బాగా తవ్వు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభలు రావడం నా భుజం మీద కూర్చుని చూశావు, గుర్తుందా? ఎత్తు చూసి ఎవరూ తీర్పు చెప్పరు. కౌశిక నది నీళ్లలో దిగి, చేలకి అడ్డంపడి, ఒరగకుండా వేళకి చేరిందా అనే చూస్తారు. అలాగే స్థలం అప్పగింత, టెండరు, డబ్బు విడుదల, నిర్మాణం అన్నిటికీ తేదీలు వరసగా రాసుకో. ఆలస్యం ఎక్కడ మొదలైందో ఆ వరసే చెప్తుంది. మొత్తం 184 రోజుల్లో మన తలుపు ఎన్ని రోజులు తెరిచి ఉందో, ఖర్చుని ఆ రోజులతోనే భాగించు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో విదేశీ ప్రదర్శనలో పెట్టిన ఒక స్టాలు లెక్కలు చూశాను. నరసాపురం లేసు బల్లగుడ్డలు పంపారు. సందర్శకుల పుస్తకం నిండా పొగడ్తలే. ఆర్డర్ల రిజిస్టరు తెరిస్తే ఖాళీ. వెనక్కొచ్చిన నమూనా గుడ్డ విప్పాను, మడతల వెంబడి పసుపు చార. కొనేవాళ్లు ధర అడిగితే వాళ్ల డబ్బులో చెప్పే కాగితం లేదట, తిరిగి రాయడానికి చిరునామా కార్డూ లేదట. నెలల తరబడి ఆ లేసు అల్లిన ఆడవాళ్ల వేళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటాయి. అందుకే చెప్తున్నాను, ఎక్స్‌పో ముగిసిన ఏడాదికి మళ్లీ వెళ్లి అడుగు. ఒప్పందం అన్నవాటిలో ఎన్ని సరుకుగా కదిలాయి? ఎంతమంది మళ్లీ ఉత్తరం రాశారు?

నీ నివేదికలో అవార్డుల గురించి ఒక పేరా చాలు, చివరికి ఏం మిగిలిందన్నదే ముఖ్యం. లండన్‌లో 1851 ప్రదర్శనకి 60 లక్షల సందర్శనలు జరిగాయి. మిగిలిన లాభంతో సౌత్ కెన్సింగ్టన్‌లో భూమి కొన్నారు, అక్కడ మ్యూజియాలు లేచాయి, ఇవాళ్టికీ ఉన్నాయి. మన పెవిలియన్ నుంచి ఏం మిగిలింది, సామాను ఎక్కడికి చేరింది, నేర్చుకున్నవాళ్లు ఎవరు, ఇదీ అడుగు.

ఇంకొకటి. లోపలికొచ్చి బయటికి వెళ్లేవాళ్లనే కాదు, పొడవాటి క్యూ చూసి వెనుదిరిగినవాళ్ల సంగతి కూడా అక్కడ పనిచేసిన సిబ్బందిని అడిగి రాసుకో. ప్రశ్నల చిత్తుప్రతి నాకు పంపు, ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న